గత్యంతరం లేనివారి ఇంగ్లీషు

నా దగ్గరికి సంతోషంగా వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. సంతోషంగా ఉన్నవాడికి అర్జీతో పనేముంటుంది? యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి డెబ్బైల దాకా బోధన్ తాలూకా ఆఫీసు వసారాలో టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాను. పొలం పోయినవాడు, బర్రె పోయినవాడు, పెళ్లాం పుట్టింటికి పోయి తిరిగిరానివాడు, అందరూ వేరేచోట్ల తిరగాల్సిందంతా తిరిగి, ఎక్కడా పని కాక, చివరికి నా బల్ల ముందుకొచ్చి చెప్పులు విడిచేవాళ్లు. నా మీద గౌరవంతో కాదు. ఆఫీసు లోపలికి పోవాలంటే నా బల్ల పక్కనుంచే దారి.

మా మనవరాలు ఈమధ్య ఒక వకీలు దగ్గర దరఖాస్తులు రాసే పనిలో చేరింది. "తాతా, నీకు తెలిసింది రాసిపెట్టు, నాకూ నా తోటివాళ్లకూ పనికొస్తది" అన్నది. అందుకని రాస్తున్నాను. ఎంత సంపాదించాను, ఎవరెవరు నన్ను మెచ్చుకున్నారు అనే సంగతులు ఇందులో ఉండవు. రెండోది ఉండకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. ఆపదలో ఉన్న మనిషి మాటను ఇంగ్లీషులోకి మార్చబోయి నేను చేసిన తప్పులు మాత్రం ఉంటాయి.

ఖాజా సాబ్ పక్కన

నేను కూర్చోకముందే ఆ వసారా ఖాజా సాబ్‌ది. ఉర్దూలో అర్జీలు రాయడంలో ఆయనను మించినవాడు తాలూకాలో లేడు. తెల్లటి షేర్వాణీ, చెవి వెనక కలం, ముందు చిన్న డెస్కు. ఆయన అర్జీ చదివితే ఎదుటి అధికారికి తాను పాదుషాననే అనుమానం వచ్చేది. "తమరి న్యాయమనే నీడ తప్ప ఈ ఎండలో నాకు వేరే గొడుగు లేదు" అని రాసేవాడు. ఇంతా చేస్తే ఆ రైతు అడిగేది పట్టా నకలు.

ఆఫీసుల్లో ఉర్దూ తగ్గి ఇంగ్లీషు వచ్చేసరికి ఆయన డెస్కు ముందు జనం పలచబడ్డారు. నేను అప్పుడే నిజామాబాద్‌లో టైపు నేర్చుకుని లోయర్ పరీక్ష పాసై వచ్చాను. ఆయన నన్ను తరిమేస్తాడనుకున్నాను. తన చాప కొంచెం పక్కకు జరిపి చోటిచ్చాడు.

"కూసో బేటా. నాకు భాష ఉంది, జనం లేరు. నీకు జనం వస్తరు, భాష ఉందా?" అన్నాడు.

"మెట్రిక్ పాసైన సాబ్" అన్నాను.

"నేనడిగింది గది కాదు" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. తర్వాతి ఆదివారం నిజామాబాద్ పోయి, పాత పుస్తకాలమ్మే బండి మీద అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాను. ఇంగ్లీషు పలుకుబళ్లన్నీ విషయాల వారీగా పేర్చిన పుస్తకం. అందులో గత్యంతరం లేని పరిస్థితుల గురించి ఒక అధ్యాయం ఉంది. తెరిచి చూస్తే నాకు గుప్తనిధి దొరికినట్టయింది. యాజ్ ఎ లాస్ట్ రిసార్ట్ అంటే ఇంకో దారి లేక. ఎట్ ది ఎలెవెన్త్ అవర్ అంటే గడువు ముంచుకొచ్చిన ఘడియలో. విత్ మై బ్యాక్ టు ది వాల్ అంటే వీపు గోడకు ఆనేదాకా తరిమితే. ఎట్ మై విట్స్ ఎండ్ అంటే బుద్ధి పనిచేయడం ఆగిపోయి. లాస్ట్ డిచ్ ఎఫర్ట్ అంటే ఆఖరి ప్రయత్నం. ఇంగ్లీషువాళ్లు దేశాలేలారు గదా, వాళ్లకు కష్టాలకు ఇన్ని మాటలెందుకో నాకు అర్థం కాలేదు. బహుశా ఏలబడ్డవాళ్ల కోసం తయారుచేసి ఉంటారు.

మా జనం దగ్గర ఇన్ని మాటలు లేవు. "ఇగ నాకు దిక్కు లేదు సారూ" అనేవాళ్లు. మరీ ముదిరితే "పానం గొంతుల ఉంది" అనేవాళ్లు. అంతే. నేను ఆ రెండు మాటలను పట్టుకుని ఇంగ్లీషులో మెట్లు కట్టాను. మొదటిసారి అర్జీకి లాస్ట్ రిసార్ట్. అది పనిచేయక రెండోసారి వస్తే ఎలెవెన్త్ అవర్. మూడోసారికి వీపు గోడకు ఆనేది. నాలుగోసారికి బుద్ధి పనిచేయడం మానేది. మొదటి అర్జీలోనే 'ఇంకో దారి లేక' అని రాసినవాడికి తర్వాత ఇన్ని దారులెలా దొరికాయని ఏ అధికారీ అడగలేదు. చదివితే గదా అడగడానికి.

జనానికీ రుచి తగిలింది. "పోయినసారి కన్న జర గట్టిగ కొట్టు సారూ" అనేవాళ్లు. మిషను మీద గట్టిగా కొడితే అక్షరం గట్టిగా పడుతుందని కొందరి నమ్మకం. నేనూ వాళ్ల తృప్తి కోసం టకటకమని గట్టిగానే కొట్టేవాణ్ని. వర్ని వైపు నుంచి వచ్చిన ఒకాయనకు ఆయన అర్జీలో ఏముందో తెలుగులో చెప్పాను. ఎలెవెన్త్ అవర్ దగ్గర 'పదకొండో గంట' అన్నాను. ఆయన మర్నాడు సరిగ్గా పదకొండు గంటలకు వచ్చి తహసీల్దారు గది ముందు నిలబడ్డాడు. చప్రాసీ ఎందుకొచ్చావంటే, "నాకు టైమిచ్చిండ్రు" అన్నాడట. తమాషా ఏమిటంటే ఆ రోజే ఆయన పనయింది. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. నా ఇంగ్లీషు బలం వల్లే పనయిందని ఒక నెల రోజులు చెప్పుకుని తిరిగాను.

సాయన్న చెరుకు

మోస్రా దగ్గరి పల్లె నుంచి సాయన్న అనే రైతు వచ్చాడు. నాలుగెకరాల చెరుకు. మా వైపు చెరుకు వేసినవాడు తనకు తోచినప్పుడు కొట్టుకోలేడు. చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఫలానా రోజు కొట్టమని చీటీ రావాలి. దాన్ని కటింగ్ ఆర్డరు అనేవాళ్లం. అది రాకముందు కొడితే గడ మోపుల్లోనే ఎండుతుంది. వచ్చేసరికి ఆలస్యమైతే నిలబడే ఎండుతుంది. సాయన్న చెరుకు నిలబడి ఎండుతోంది. పక్కవాళ్లందరికీ చీటీలు వచ్చాయి, ఇతని చీటీ ఏ బల్ల మీద ఆగిందో తెలియదు. తహసీల్దారు ఒక మాట రాసి పంపితే కదులుతుందని ఎవరో చెప్పారు.

రెండు అర్జీలు అప్పటికే పోయాయి. మూడోసారి వచ్చినప్పుడు సాయన్న భుజం మీది నుంచి ఒక చెరుకు గడ దించి నా బల్ల మీద పెట్టాడు.

"ఇరిచి సూడు సారూ" అన్నాడు.

విరిచాను. లోపల బెండులా ఉంది.

"ఇంకొక్క పదిదినాలైతే పొయిలకే పనికొస్తది. ఇదే ఆఖరు రాత అనుకో. మల్ల రాను."

నిజంగా నాకు బాధ కలిగింది. బాధ కలిగితే నేను చేసే పని ఒకటే, పుస్తకం తెరవడం. ఆ రోజు అర్జీలో నాలుగు పేరాలు కొట్టాను. సాయన్న పడుతున్న ఆవేదన, అతని పూర్వుల కష్టం, చెమట, ఎండ. చివర్న, 'ఇది నా లాస్ట్ డిచ్ ఎఫర్ట్' అని పెద్దక్షరాల్లో కొట్టి, కింద గీత కూడా గీశాను. కటింగ్ ఆర్డరు అనే మాట మూడో పేరా మధ్యలో ఎక్కడో ఒకసారి వచ్చింది.

ఆఫీసులో అప్పుడే కొత్తగా ఒక గుమాస్తా చేరాడు. బుద్ధిమంతుడు. వచ్చిన ప్రతి అర్జీకీ ఒక ముక్కలో సారాంశం రాసి సంబంధిత శాఖకు పంపడం అతని పని. నా నాలుగు పేరాలు చదివి అతను ఏం తేల్చుకున్నాడో గాని, గీత గీసిన మాట మాత్రం పట్టుకున్నాడు. డిచ్ అంటే కాలువ అని అతనికి తెలుసు. 'రైతు తన చివరి కాలువ గురించి మొర పెట్టుకున్నాడు' అని రాసి కాలువల శాఖకు పంపించాడు.

ఏ శాఖా ఎప్పుడూ కదలనంత తొందరగా ఆ శాఖ కదిలింది. వారం తిరిగేసరికి ఓవర్సీరు, కాలువలు చూసే ఇద్దరు లస్కర్లు టేపు పట్టుకుని సాయన్న పొలానికి పోయారు. సర్కారు మనుషులు కనబడగానే సాయన్న ఆర్డరు వచ్చిందనుకుని వాళ్లకు మంచం వేసి, చాయ్ పెట్టించాడు.

"నీ ఆఖరి కాలువ యాడుంది?" అన్నాడు ఓవర్సీరు.

సాయన్నకు ఏమీ అర్థం కాలేదు. కానీ అడిగినవాడు సర్కారు మనిషి. పొలం చివర పూడిపోయిన పిల్లకాలువ ఒకటుంటే చూపించాడు. వాళ్లు కొలిచారు. పైపొలంవాడు గట్టు జరిపి కాలువను సగం ఆక్రమించాడని తేల్చారు. అక్కడికక్కడే తవ్వించి, పూడిక తీయించి, తూము ఎత్తి నీళ్లు వదిలిపెట్టి పోయారు. ఏళ్ల తరబడి నీళ్లు చూడని ఆ చివరి మడికి కూడా నీళ్లెక్కాయి. అంత చక్కగా జరిగిన సర్కారు పని ఆ వసారాలో కూర్చున్నన్నాళ్లూ మళ్లీ చూడలేదు.

కొట్టడానికి సిద్ధమైన చెరుకుకు నీళ్లు పెట్టకూడదు. నేల ఆరి గట్టిగా ఉంటేనే బండి లోపలికి దిగుతుంది. సాయన్న పొలం చెరువులా నిలిచిన మూడో రోజున కటింగ్ ఆర్డరు వచ్చింది. మొదటి రెండు అర్జీల్లో ఏదో ఒకటి దాని దారిన అది పనిచేసింది. చీటీ మీద తేదీ ఉంది. ఆ తేదీ దాటితే మళ్లీ వరస చివరికి పోవాలి. బండ్లు గట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. ఒకటి తెగించి దిగితే ఇరుసు దాకా కూరుకుపోయింది.

సాయన్న వసారాకు వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. తిడతాడని కూర్చున్నచోటే బిగుసుకుపోయాను. తిట్టలేదు.

"సారూ, నువ్వు నీళ్లడిగినవా?" అన్నాడు.

"లేదు సాయన్నా."

"మరి ఏమడిగినవ్?"

పుస్తకంలో ఉన్నదాన్ని అతనికి తెలుగులో చెప్పడానికి ప్రయత్నించాను. యుద్ధంలో ఓడిపోతూ వెనక్కి వెనక్కి వచ్చిన సిపాయిలు ఆఖరి కందకంలో దిగి కొట్లాడుతారు, దాన్ని డిచ్ అంటారు, ఆ పోలిక నీ కష్టానికి పెట్టాను అన్నాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. సాయన్న అంతా విన్నాడు.

"నేను చెరుకు గురించి జెప్పిన సారూ" అన్నాడు.

పక్కన ఖాజా సాబ్ కలం మూత పెట్టి లేచాడు. "రాజన్నా, మిషనుకు గుడ్డ కప్పు. పోదాం పా" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. బస్సెక్కి ముగ్గురం సాయన్న ఊరికి పోయాం. ఊరివాళ్లు పాతికమంది అప్పటికే మడిలో దిగారు. గడలు కొట్టి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని బురదలోంచి రోడ్డు మీద నిలిపిన బండ్ల దాకా మోశారు. నేనూ రెండు రోజులు మోశాను. చెరుకాకు మెడ మీద, చేతుల మీద గీసిన గీతలు వారం పాటు మండాయి. ఖాజా సాబ్ షేర్వాణీ విప్పి గట్టు మీద మడిచిపెట్టి మోపులకు తాళ్లు కట్టాడు.

సాయన్న భార్య గంగవ్వ నా నెత్తి మీదికి మోపు ఎత్తుతూ, "సారు రాసిన కాయితం గింత బరువుంటదని తెల్వకపాయె" అన్నది. అందరూ నవ్వారు. నేను బురదలో జారిపడ్డప్పుడు ఇంకా ఎక్కువ నవ్వారు. మూడు వంతుల చెరుకు గడువులోపల ఫ్యాక్టరీకి చేరింది. ఒక వంతు చేరలేదు. ఆ ఒక వంతు నేను పోగొట్టాను. సాయన్న ఎప్పుడూ ఆ మాట అనలేదు కాబట్టి నేనే ఇక్కడ రాసిపెడుతున్నాను.

సంగతి తహసీల్దారు దాకా పోయింది. ఆయన పాతకాలపు మనిషి, పాన్ నములుతూ మాట్లాడేవాడు. నన్ను లోపలికి పిలిపించి, నా అర్జీని నాతోనే పైకి చదివించాడు. నిలబడి నాలుగు పేరాలు చదవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పూర్తయ్యాక, "బోధన్‌ల లడాయి ఎక్కడ జరుగుతుందయ్యా?" అన్నాడు. పాన్ ఉమ్మేసి, "నాకు దినాం నలబై కాయితాలొస్తయ్. ఎవడు, ఏం గావాలె, ఎప్పటికి గావాలె. గీ మూడు మొదటి లైన్ల లేకుంటే నేను చదవ. కింద నువ్వు ఏడ్చుకో, ఏమన్న చేసుకో" అన్నాడు. నేను చూసిన అధికారుల్లో ఆయనంత బద్ధకస్తుడు లేడు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. చురుకైన అధికారులు నా అర్జీలు ఓపిగ్గా చదివి నన్ను చెడగొట్టారు.

నాగవ్వ టెలిగ్రాం

అర్జీలు బాగుపడ్డాయి గాని, టెలిగ్రాంల దగ్గర నా బుద్ధి మారలేదు. తంతి ఆఫీసు మా వసారాకు ఎదురుగానే ఉండేది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే మా వైపువాళ్లను ఇంటికి రప్పించడానికి జనం నాతో ఒకే మాట రాయించుకునేవాళ్లు. 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ.' తల్లికి ప్రమాదంగా ఉంది, వెంటనే బయలుదేరు. జాతరకు అదే, పొలం పంపకాలకు అదే, పెళ్లిచూపులకు అదే. బోధన్ తాలూకాలో తల్లులు ఎన్నిసార్లు చావుబతుకుల్లో పడ్డారో నాకే తెలుసు. వాళ్లలో చాలామంది టెలిగ్రాం ఇచ్చేటప్పుడు పక్కనే నిలబడి, జొన్నరొట్టె మూట విప్పుకుని తినేవాళ్లు.

పోశవ్వ అనే ఆమె ఒకరోజు పొద్దున్నే వచ్చింది. తల్లి నాగవ్వ మంచాన పడింది, తమ్ముడు లచ్చన్న బొంబాయిలో ఉన్నాడు. నేను కాగితం తీసి, ఆలోచించకుండా ఎప్పటి ముక్కే రాసి ఇచ్చాను. మర్నాడు సాయంత్రం జవాబు వచ్చింది. పోశవ్వ దాన్ని పట్టుకుని వస్తే చదివి చెప్పాను. 'సెలవు లేదు. పెళ్లిచూపులు ఎండాకాలంలో పెట్టండి.'

పోశవ్వ అక్కడే కూలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది లచ్చన్నను పెళ్లిచూపులకు రప్పించడానికి ఇదే పోశవ్వకు ఇదే ముక్క నేనే రాసిచ్చాను. లచ్చన్న ఏడ్చుకుంటూ రైలెక్కి వచ్చేసరికి నాగవ్వ వాకిట్లో పిల్ల తరఫువాళ్లకు చాయ్ పోస్తోందట.

"ఇంకేం రాస్తవో రాయి అన్నా. ఈసారి నిజం" అన్నది పోశవ్వ.

నేను పుస్తకంలోని మాటలన్నీ మనసులో తిరగేశాను. ఎన్ని తిరగేసినా, అవన్నీ అబద్ధానికీ నిజానికీ సమానంగా సరిపోయేవే. తల్లి ప్రాణం మీదికి వచ్చిందని ఎంత గొప్పగా రాసినా, అంత గొప్పగా అబద్ధమాడుతున్నారని అనుకుంటాడు.

ఖాజా సాబ్ తన చాప మీద నుంచే అడిగాడు. "అమ్మ ఏమంటుంది బిడ్డా?"

"ఏమంటది సాబ్. నీళ్లు మింగుత లేదు. తెలివి తప్పినట్టు మాట్లాడుతది."

"ఏం మాట్లాడుతుంది, గది జెప్పు."

"కర్రోనికి కుడితి పెట్టిండ్రా అని అడుగుతది. కర్రోడంటే మా ఎద్దు. గది సచ్చి పదేండ్లాయె. మా తమ్ముడే మేపెటోడు."

ఖాజా సాబ్ నా వైపు తిరిగి, "రాయి" అన్నాడు.

రాశాను. 'అమ్మ నీళ్లు మింగడం లేదు. చచ్చిపోయిన కర్రోడికి కుడితి పెట్టారా అంటోంది. పోశవ్వ.' ఇంగ్లీషులో ఇంత చిన్న ముక్కలు రాయడం నాకు అదే మొదలు. కుడితికి ఇంగ్లీషు దొరక్క అలాగే ఉంచాను. తంతి ఆఫీసులో గుమాస్తా కాగితం చదివి నా వైపు చూశాడు.

"ఎద్దుకెందుకు రాజన్నా తార్? నీకు జ్వరమొచ్చిందా?" అన్నాడు.

"పంపు" అన్నాను.

లచ్చన్న రెండో రోజు మధ్యాహ్నానికి వచ్చాడు. మేస్త్రీ సెలవివ్వకపోతే పని వదిలేసి వచ్చాడు. బస్టాండు నుంచి తిన్నగా పరుగెత్తుతూ మా వసారా ముందు నుంచే పోయాడు. తర్వాత సంగతి పోశవ్వ చెప్పింది. నాగవ్వ కొడుకును గుర్తుపట్టలేదు. అతను మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, "కర్రోడా" అని పిలిచింది. లచ్చన్న పలికాడు. ఇంకో రెండుసార్లు పిలిచింది, రెండుసార్లూ పలికాడట. గిన్నెతో నీళ్లు పడితే రెండు గుటకలు మింగింది. తెల్లారి పోయింది.

దినాలయ్యాక లచ్చన్న వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "గా తార్ రాసింది నువ్వేనా?" అన్నాడు. ఔనన్నాను. "పోయినేడు రాసింది?" అదీ నేనే అన్నాను. గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పెళ్లిచూపులకు టెలిగ్రాం రాయమని ఎవరొచ్చినా, పెళ్లిచూపులనే రాసేవాణ్ని. కోపమొచ్చి వేరే టైపిస్టు దగ్గరికి పోయినవాళ్లు ఉన్నారు. పోనీ.

పిల్లలూ, మీకు చెప్పేదేమంటే, ఆపదకు తయారుగా ఉన్న మాటలు ఆపద లేనివాడికే ఎక్కువ పనికొస్తాయి. నిజంగా పీకల మీదికి వచ్చినవాణ్ని కాసేపు మాట్లాడనివ్వండి. వాడి నోట్లోనే వస్తుంది. మనకు చెవులుంటే చాలు. అవి కూడా అందరికీ ఉండవని ఈ పనిలో త్వరలోనే తెలుసుకుంటారు.

వసారా ఖాళీ చేయమన్నప్పుడు

ఇంత నేర్చుకున్న నేను డెబ్బైల్లో ఏం చేశానో కూడా చెప్పాలి, లేకపోతే మా మనవరాలు నన్ను జ్ఞాని అనుకుంటుంది.

కోస్తా వైపు నుంచి కుర్ర తహసీల్దారు వచ్చాడు. ఆఫీసు శుభ్రంగా ఉండాలన్నాడు. వసారాలో కూర్చునే అర్జీలవాళ్లు, టైపిస్టులు వారంలోగా లేచిపోవాలని ఉత్తర్వు అంటించాడు. మేం ఐదుగురం. ఎండలో రోడ్డు మీద కూర్చోవాలంటే నా మిషను సంగతేమో గాని నేనే కరిగిపోతాను. మిగిలినవాళ్లు నన్ను అర్జీ రాయమన్నారు. ఇన్నేళ్లు ఇతరుల అర్జీల్లో అణచుకున్నదంతా ఆ రోజు పొంగింది. ఆపద మనదైతే ఇంగ్లీషును ఆపడం ఎవరి తరమూ కాదు. మూడు పేజీలు కొట్టాను. మా వీపులు గోడకు ఆనాయి, మా బుద్ధి పనిచేయడం మానింది, ఇది పదకొండో గంట. చివరికి 'వి ఆర్ ఆన్ అవర్ లాస్ట్ లెగ్స్' అని ముగించాను. నిలబడే శక్తి కూడా లేని స్థితికి వచ్చామని దాని అర్థం.

నలుగురం సంతకాలు చేశాం. ఖాజా సాబ్ చేయలేదు. "గింత ఏడ్పు నాకు రాదు బేటా" అని, తన కలంతో ఉర్దూలో ఐదు లైన్లు రాసుకుని, దాన్ని విడిగా లోపలికి పంపాడు.

ఆయనది షికస్తా రాత. పాత కచేరీల్లో గుమాస్తాలు వేగంగా రాసే గొలుసుకట్టు ఉర్దూ. చుక్కలుండవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. తహసీల్దారుకు ఉర్దూ రాదు. హెడ్ గుమాస్తాకు వచ్చుగాని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది నావల్ల కాదన్నాడు. ఆఫీసంతా తిరిగింది. ఎవరికీ కొరుకుడు పడలేదు. చివరికి రాసినవాణ్నే పిలిపించారు. గుమ్మం పక్కనే ఉన్నాను కాబట్టి అంతా నాకు వినబడింది.

"ఏమిటండీ ఇది? ఏం రాశారు?" అన్నాడు తహసీల్దారు.

ఖాజా సాబ్ చదివి, తెలుగులో చెప్పాడు. "హుజూర్, ముప్పై ఏండ్లు ఈడ కూసున్న. లెవ్వమంటే లేస్త. మోస్రా నుంచి, వర్ని నుంచి నడిసొచ్చే ముసలోళ్లు నన్ను ఈడనే ఎతుకుతరు. నేను యాడికి పోయిన్నో జెప్పెతందుకు గీ గోడ మీద ఒక కాయితం అంటిచ్చుకోనియ్యుండ్రి. గంతే సాబ్."

"అంతేనా?"

"తారీఖు గూడ రాసిన."

బీరువా తెరిచిన చప్పుడైంది. "ఈ పాత రిజిస్టర్లూ ఇదే రాతలో ఉన్నాయి, చదవగలరా? నేనొచ్చి నాలుగు నెలలైంది. భూముల తగాదాలన్నీ వీటి దగ్గరే ఆగిపోయాయి. చదివే మనిషి దొరకలేదు" అన్నాడు తహసీల్దారు. ఖాజా సాబ్ పేజీ తిప్పుతూ చదవడం మొదలుపెట్టాడు. ఫలానా ఊరు, ఫలానా రైతు, తూర్పున ఫలానావాడి చింతచెట్టు. ఆయన గొంతు అంత నిండుగా నేను చాలా ఏళ్లుగా వినలేదు. చప్రాసీ కుర్చీ జరిపిన చప్పుడు, "కూర్చోండి" అన్న మాట వినబడ్డాయి.

వారం గడిచాక మేం నలుగురం బల్లలెత్తుకుని రోడ్డు అవతల రేకుల కిందికి మారాం. ఖాజా సాబ్ లోపల ఫ్యాను కింద, బీరువా పక్కన కూర్చున్నాడు. సాయంత్రం బయటికి వచ్చినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎవలూ చదవలేరని తెలిసే ఉర్దూల రాసిండ్రా సాబ్?"

"నాకు ఇంగ్లీషు రాదు గద బేటా" అన్నాడు. నవ్వాడో లేదో గడ్డంలో కనబడలేదు. షేర్వాణీ జేబులోంచి మా మూడు పేజీలు తీసి నా చేతికిచ్చాడు. "సాబ్ నీకియ్యమన్నడు. మొత్తం చదివిండు పాపం."

తిరగేశాను. గోడ దగ్గరా, బుద్ధి దగ్గరా ఏ గుర్తూ లేదు. చివరి పేజీలో లాస్ట్ లెగ్స్ కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన చక్కటి దస్తూరితో రాసి ఉంది. 'అర్జీదారులు నలుగురూ కాళ్ల జబ్బు గురించి డాక్టరు సర్టిఫికెట్లు జతచేయవలెను.'